పూల్‌కి ఫిల్టర్ సైజు ఎంత పెట్టాలి? ముగ్గురు మూడు రకాలు చెప్తున్నారు

మామిడితోట_శంకర్‌పల్లి
శంకర్‌పల్లి దగ్గర మా ఫామ్‌హౌస్‌లో రెండేళ్ల కింద స్విమ్మింగ్ పూల్ కట్టించాను. పొడవు 28 అడుగులు, వెడల్పు 14, లోతు ఒకవైపు మూడున్నర, ఇంకోవైపు ఐదు. మొదటి ఎండాకాలం బాగానే గడిచింది. ఇప్పుడు శుక్రవారం తేటగా ఉన్న నీళ్లు ఆదివారం మధ్యాహ్నానికి బియ్యం కడిగిన నీళ్లలా అయిపోతున్నాయి. పంపు రోజుకి పది గంటలు తిరుగుతోంది. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ "నువ్వు వడగట్టేది నీళ్లు కాదు, డబ్బులు" అంటోంది.

ఉన్నది 400 ఎంఎం శాండ్ ఫిల్టర్, ఒకటిన్నర హెచ్‌పీ పంపు. ముగ్గురిని పిలిచి చూపించాను. ఒకాయన 500 ఎంఎం ఫిల్టర్, ముప్పావు హెచ్‌పీ పంపు చాలన్నాడు. రెండో ఆయన ఏకంగా 900 ఎంఎం పెట్టుకో, పంపు ఉన్నదే ఉంచు, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదన్నాడు. మూడో ఆయన ఇవేవీ వద్దు, పైపులెస్ ఫిల్టర్ గోడకి తగిలించేస్తానన్నాడు. పూల్ కట్టిన కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. ఎవరి మాట వినాలి?

గొల్లపూడి_గోపి
900 మాత్రం పెట్టకండి. పెట్టి దెబ్బతిన్నవాణ్ణి చెప్తున్నా. వివరంగా రాత్రికి రాస్తా.

పచ్చడి_జాడీ
బియ్యం కడిగిన నీళ్లయితే ఇంకా నయమే. మా అపార్ట్‌మెంట్ పూల్ గోంగూర పులుసు.

పంపుసెట్_ప్రసాద్
ముందు నీళ్లెన్నో లెక్కేద్దాం. సగటు లోతు నాలుగుంపావు అడుగులు. 28 × 14 × 4.25 = 1,666 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకి 28.3 లీటర్లు. అంటే మీ పూల్ దాదాపు 47,000 లీటర్లు.

ఇళ్ల పూల్స్‌కి మొత్తం నీళ్లు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరగాలి. దాన్నే టర్నోవర్ అంటారు. ఆరు గంటలైతే గంటకి 7,800 లీటర్లు, ఎనిమిదైతే 5,900. మీకు కావాల్సింది అంతే. ఒకటిన్నర హెచ్‌పీ పంపు దీనికి రెట్టింపు తోస్తుంది.

మామిడితోట_శంకర్‌పల్లి
రెట్టింపు తోస్తే మంచిదేగా ప్రసాద్ గారూ? తొందరగా శుభ్రం అవ్వాలి కదా. ఎందుకు అవట్లేదు?

పంపుసెట్_ప్రసాద్
డికాషన్ తీసేటప్పుడు కాఫీ ఫిల్టర్ మీద నీళ్లు దబేలున పోస్తే ఏమవుతుంది? పొడిని పక్కకి తోసుకుని పోతాయి. ఇదీ అంతే. ఇసుక ఫిల్టర్‌లో చూడాల్సింది ట్యాంకు ఎత్తు కాదు, ఇసుక పై వైశాల్యం. 400 ఎంఎం వ్యాసానికి అది 0.126 చదరపు మీటర్లు. 500కి 0.196, 600కి 0.283, 750కి 0.44, 900కి 0.636. చూశారా, వ్యాసం 400 నుంచి 600కి పెరిగితే వైశాల్యం రెట్టింపు దాటుతుంది. అందుకే "ఇంకో రెండంగుళాలే కదా తేడా" అనే మాటలు నమ్మొద్దు.

చదరపు మీటరుకి గంటకి 30 నుంచి 40 ఘనపు మీటర్ల దాకా నడిపితే బాగా పట్టుకుంటుంది. డబ్బా మీద 50 అని రాసే కంపెనీలు ఉన్నాయి, అది పైహద్దు. నేనైతే అక్కడ నడపను.

ఫ్రిస్కో_శ్రీను
1,666 ఘనపు అడుగులంటే మా లెక్కలో 12,500 గ్యాలన్లు. ఇక్కడ టెక్సాస్‌లో నాది ఇంకాస్త పెద్దది. నేనైతే ఇసుక జోలికే పోను, కార్ట్రిడ్జ్ (మడతల గుడ్డ ఫిల్టర్) పెట్టించుకోండి. ఇసుక 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు) మురికి దాకానే పట్టుకుంటుంది, కార్ట్రిడ్జ్ 10 నుంచి 20. బ్యాక్‌వాష్ (నీళ్లు తిరగేసి పంపి ఇసుకని కడగడం) గొడవ లేదు, నీళ్లు వృథా కావు.

పూల్_నరసింహ
అన్నా, ఇక్కడి దుమ్ముకి కార్ట్రిడ్జ్ రెండు వారాలు ఆగదు. పది ఫామ్‌హౌస్‌లు నా చేతి కింద నడుస్తయి. కార్ట్రిడ్జ్ ఉన్నది ఒక్కటే, అదొక్కటే నాకు తలనొప్పి. చుట్టూ ఎర్ర మట్టి, గాలి దుమారం వచ్చిందంటే మడతల్లో మొత్తం బురద. వాచ్‌మెన్ దాన్ని చీపురుతో రుద్ది చింపేసిండు.

ఫ్రిస్కో_శ్రీను
చీపురుతో రుద్దితే చిరగదా మరి! గార్డెన్ పైపుతో మడతల వెంట పై నుంచి కిందకి కడగాలి.

పూల్_నరసింహ
నువ్వొచ్చి మా వాచ్‌మెన్‌కి చెప్పన్నా.

గొల్లపూడి_గోపి
నా 900 కథ. మాదీ ఇంచుమించు ఇదే సైజు పూల్. "పెద్దది పెట్టుకుంటే ఎప్పటికైనా మంచిది" అన్నాడు షాపాయన, నేనూ తలూపాను. ఒక హెచ్‌పీ పంపు. మొదటి ఆర్నెల్లు నీళ్లు అద్దంలా ఉన్నాయి, అందరికీ గొప్పలు చెప్పుకున్నా. ఏడాది తిరిగేసరికి గేజి మీద ప్రెషర్ ఎక్కడం మొదలైంది. బ్యాక్‌వాష్ చేస్తే సైట్ గ్లాసులో (బయటికి పోయే నీళ్లు కనపడే గాజు) అర నిమిషం కాస్త మురికి కనపడి తేటగా అయిపోయేది. శుభ్రమైందనుకుని ఆపేసేవాణ్ణి. కాలేదు! మురికి ఇసుక లోపలే ఉంది, పైకి లేవట్లేదంతే.

బ్యాక్‌వాష్‌లో నీళ్లు కింద నుంచి పైకి వస్తాయి కదా. ఎసట్లో బియ్యం పొర్లినట్టు ఇసుక మొత్తం లేచి పొర్లాలి. దానికి చదరపు మీటరుకి గంటకి 40 ఘనపు మీటర్లయినా కావాలి. 900 ఫిల్టర్‌కి అది పాతిక ఘనపు మీటర్లు. నా పంపు పన్నెండు కూడా ఇవ్వలేదు. ట్యాంకు విప్పితే లోపల కోడిగుడ్లంత మట్టి ఉండలు. మూత తీసిన మనిషి ముక్కు మూసుకున్నాడు.

పంపుసెట్_ప్రసాద్
గోపి గారు చెప్పిందే అసలు పాయింటు. ఫిల్టర్ చిన్నదైతే వడగట్టదు, పెద్దదైతే కడగబడదు. పంపుకి తగ్గ ఫిల్టర్, పూల్‌కి తగ్గ పంపు. ఇంకో సంగతి, వేడి నీళ్లు చల్లటి నీళ్లకంటే పలచన. అందుకని మన ఎండాకాలం నీళ్లతో ఇసుకని లేపాలంటే ఇంకాస్త జోరు కావాలి. చలి దేశాల వాళ్ల బ్యాక్‌వాష్ లెక్క ఇక్కడ కొంచెం తక్కువే పడుతుంది.

సీతమ్మధార_సుధ
పైపులెస్ గురించి ఎవరూ మాట్లాడరేం? వైజాగ్‌లో మా టెర్రస్ మీద చిన్న పూల్, 15,000 లీటర్లు. పైపులెస్ యూనిట్ గోడకి తగిలించేశారు, లోపల సంచి ఫిల్టర్ ఉంటుంది. తీసి ఉతికి మళ్లీ పెట్టడమే. మూడేళ్లుగా హాయిగా ఉంది. స్లాబ్‌కి కన్నం వెయ్యాల్సిన పని కూడా పడలేదు.

పంపుసెట్_ప్రసాద్
మీకు సరిపోతుంది సుధ గారూ. కొత్తగా కట్టేవాళ్లకి, పైపులు వెయ్యడానికి వీలు లేనివాళ్లకి అది బాగుంటుంది. ఈయనకి పైపులు, పంపు గది అన్నీ ఉన్నాయి. ఉన్నవి పక్కన పెట్టి మళ్లీ కొనడం ఎందుకు?

సీతమ్మధార_సుధ
అది నిజమే. కాకపోతే ఆయన ఏదో మోసం చేస్తున్నట్టు అనుకోకండని రాశాను.

కెమిస్ట్రీ_మేడమ్
అందరూ ఫిల్టర్ మీద పడ్డారు. పీహెచ్ ఎంతో అడిగారా ఎవరైనా? క్లోరిన్ ఎంత? ఏం వేస్తున్నారు?

మామిడితోట_శంకర్‌పల్లి
బ్లీచింగ్ పౌడర్ మేడమ్. వాచ్‌మెన్ గుప్పెళ్లతో చల్లుతాడు. బోరు నీళ్లు. టెస్ట్ కిట్ ఎక్కడో ఉండాలి, వెతుకుతా.

కెమిస్ట్రీ_మేడమ్
అనుకున్నా. బోరు నీళ్లలో ముందే సున్నం ఎక్కువ. పైన బ్లీచింగ్ పౌడర్ అంటే ఇంకా సున్నం పోసినట్టు. పీహెచ్ పైకి పోతుంది, నీళ్లు తెల్లబడతాయి. పీహెచ్ 8 దాటితే క్రిముల్ని చంపే రూపంలో ఉండే క్లోరిన్ నాలుగో వంతు కూడా మిగలదు. మీరు 900 కాదు, 9,000 ఎంఎం ఫిల్టర్ పెట్టినా ఆ తెలుపు పోదు.

పూల్_నరసింహ
మేడమ్ చెప్పింది సగం కరెక్టు. శుక్రవారం తేటగా ఉండి ఆదివారం పాడైతోందంటే మనుషులు దిగినందుకే. ఎంతమంది దిగుతరు సార్ వీకెండ్‌కి?

మామిడితోట_శంకర్‌పల్లి
అది... కిందటేడు నుంచి వీకెండ్‌కి అద్దెకి ఇస్తున్నా. పాతిక మంది దాకా వస్తారు.

పచ్చడి_జాడీ
అసలు సంగతి ఇరవయ్యో పోస్టులో బయటపడింది 😄

గొల్లపూడి_గోపి
పాతిక మంది, అందులో సగం మంది తలకి కొబ్బరి నూనె, మిగతా సగం సన్‌స్క్రీన్. అది పూల్ కాదండీ, తాలింపు.

పంపుసెట్_ప్రసాద్
ఇది ముందే చెప్పాలి కదా! నలుగురున్న ఇంటి పూల్ లెక్క వేరు, ఇది వేరు. ఒక టర్నోవర్ అయిందంటే నీళ్లన్నీ శుభ్రమైనట్టు కాదు. వడగట్టిన నీళ్లు మళ్లీ మురికి నీళ్లలోనే కలుస్తాయి కాబట్టి మొదటి టర్నోవర్‌కి ఫిల్టర్ గుండా వెళ్లి వచ్చేది నూటికి 63 పాళ్లే. రెండైతే 86, మూడైతే 95. కాబట్టి అద్దెకిచ్చే రోజుల్లో ఆరు గంటల లెక్క కూడా చాలదు, నాలుగు గంటలైనా చూసుకోవాలి. అంటే గంటకి 11,800 లీటర్లు. 500 ఫిల్టర్ మీద అది చదరపు మీటరుకి 60 ఘనపు మీటర్లు పడుతుంది, కొట్టెయ్యండి. 600 మీద 42. ఒక హెచ్‌పీ పంపు, 600 ఫిల్టర్ పెట్టుకోండి. బ్యాక్‌వాష్‌కీ అదే జోరు సరిపోతుంది.

ఇసుకతిన్నె
ఉన్న పంపు ఉంచుకుని 750 పెట్టుకోవచ్చు కదా? పంపు ఖర్చు మిగులుతుంది.

పంపుసెట్_ప్రసాద్
పంపు నిజంగా ఎంత ఇస్తోందో తెలిస్తే చెప్పొచ్చు. మామిడితోట గారూ, 200 లీటర్ల డ్రమ్ము ఉందా? వాల్వ్ హ్యాండిల్‌ని వేస్ట్ (నీళ్లు ఫిల్టర్‌లోకి పోకుండా నేరుగా బయటికి పోయే గడి) మీద పెట్టి, ఆ పైపు డ్రమ్ములోకి వదిలి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. పంపు ఆపాకే హ్యాండిల్ తిప్పాలి. నడుస్తుండగా తిప్పారో, లోపల చక్రంలా ఉండే గాస్కెట్ పోతుంది.

పూల్_నరసింహ
ఆ గాస్కెట్లు నేను ఏడాదికి అరడజను మారుస్త. అందరూ "మేం తిప్పలే" అనేటోళ్లే.

మామిడితోట_శంకర్‌పల్లి
చేశాను. మా అబ్బాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాడు. మూడుసార్లు చూస్తే 47, 48, 50 సెకన్లు. చివరిసారి డ్రమ్ము పొర్లి నా చెప్పులు కొట్టుకుపోయాయి. టెస్ట్ కిట్ దొరికింది, పీహెచ్ గొట్టంలో రంగు చివరి గడిలో ఉంది, 8.2. ఇంకో సంగతి, బ్యాక్‌వాష్ చేసిన వెంటనే కూడా గేజి 22 పీఎస్‌ఐ చూపిస్తోంది.

పంపుసెట్_ప్రసాద్
48 సెకన్లలో 200 లీటర్లంటే గంటకి 15,000. వేస్ట్‌లో ఇసుక అడ్డం ఉండదు కాబట్టి ఫిల్టర్‌లో కొంత తగ్గుతుంది, 12,000 అనుకోండి. 750కి బ్యాక్‌వాష్ చెయ్యడానికి అది చాలదు. మీ 400 ఫిల్టర్ మీద అది 95! హద్దుకి రెండింతలు. ఇన్నాళ్లూ మురికి అటు నుంచి ఇటు తిరిగొస్తోందంతే, ఆగట్లేదు. శుభ్రంగా ఉన్నప్పుడే 22 ఉంటే లోపల ఇంకేదో కూడా ఉంది. మూత విప్పండి.

ఇసుకతిన్నె
మామూలుగా శుభ్రంగా ఉన్నప్పటి అంకె ఒకటి గేజి పక్కన మార్కర్‌తో రాసుకోవాలి. దాని మీద 8-10 పీఎస్‌ఐ ఎక్కినప్పుడు బ్యాక్‌వాష్. వారం వారం అలవాటుగా చేస్తే నీళ్లు దండగ. రెండు మూడు నిమిషాలకే అర వెయ్యి లీటర్లు పోతాయి.

ఫ్రిస్కో_శ్రీను
అందుకే కార్ట్రిడ్జ్ అన్నాను.

పూల్_నరసింహ
శ్రీనన్నా, మొదలుపెట్టకు.

మామిడితోట_శంకర్‌పల్లి
ఈ రోజు విప్పించాం. రాయాలంటే సిగ్గేస్తోంది. ఇసుక పైన సున్నం పెచ్చు కట్టింది, బెల్లం అచ్చులా. స్క్రూడ్రైవర్‌తో కొడితే పలకలుగా లేచింది. మధ్యలో అరచెయ్యంత గుంట, అందులోంచి కింది కంకర కనపడుతోంది. నీళ్లన్నీ ఆ గుంటలోంచే పోతున్నాయన్నమాట. ఒక గుప్పెడు ఇసుక తీసి తెల్ల కాగితం మీద పోస్తే సన్న దుమ్ము, పెద్ద రవ్వలు, అభ్రకం మెరుపులు, ఒక చిన్న నత్తగుల్ల కూడా.

వాచ్‌మెన్ పక్కనే ఉండి "ఇది మన కాంపౌండ్ గోడ ప్లాస్టరింగ్‌కి తెచ్చిన ఇసుకే సార్, అప్పుడు రెండు బస్తాలు పూల్ కట్టినవాళ్లు అడిగి తీసుకున్నారు" అన్నాడు. రెండేళ్లుగా వాడికి తెలుసు! ఎందుకు చెప్పలేదురా అంటే "మీరు అడగలేదు సార్".

పచ్చడి_జాడీ
నత్తగుల్ల 😂 దాన్ని దాచండి, గృహప్రవేశం గుర్తుగా.

గొల్లపూడి_గోపి
మా మట్టి ఉండలే గొప్ప అనుకున్నా. ఓడిపోయా.

పంపుసెట్_ప్రసాద్
ఫిల్టర్‌కి వాడే ఇసుక వేరు. 0.5 నుంచి 0.8 ఎంఎం సిలికా ఇసుక, జల్లించి కడిగి బస్తాల్లో అమ్ముతారు. రవ్వలన్నీ ఇంచుమించు ఒకే సైజు ఉండటం ముఖ్యం. ప్లాస్టరింగ్ ఇసుకలో సన్నది పెద్దదాని మధ్య సందుల్లో కూర్చుని బిగుసుకుపోతుంది. 600 ఫిల్టర్‌కి ఇసుక, అడుగు కంకర కలిపి 125 నుంచి 150 కిలోలు పడుతుంది, మోడల్‌ని బట్టి. పోసేటప్పుడు ముందు ట్యాంకులో సగం నీళ్లు నింపి పొయ్యండి, అడుగునున్న లాటరల్ గొట్టాలు విరగవు. అవి విరిగితే పూల్ అడుగున ఇసుక తేలుతుంది. మంచి ఇసుకైతే ఐదు నుంచి ఏడేళ్లు చూడక్కర్లేదు.

ఇసుకతిన్నె
ఇసుక బదులు గ్లాస్ మీడియా (గాజు రవ్వలు)?

పూల్_నరసింహ
బాగుంటది, ఖరీదు. బోరు నీళ్ల సున్నం సంగతి చూడకుండా ఏది పోసినా దండగే.

ఫ్రిస్కో_శ్రీను
పంపు మారుస్తున్నారు కాబట్టి ఒక మాట, వేరియబుల్ స్పీడ్ చూడండి. వేగం సగానికి తగ్గిస్తే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఇక్కడ అమెరికాలో 2021 జులై నుంచి పూల్ పంపుల మీద కేంద్రం నిబంధనలు వచ్చాక కొత్తవి చాలావరకు అవే. సోమవారం నుంచి గురువారం దాకా మెల్లగా, అతిథులొచ్చినప్పుడు జోరుగా నడుపుకోవచ్చు. కార్ట్రిడ్జ్ గురించి నేనేమీ అనలేదు, గమనించండి. నిజానికి నాదీ ముందు కార్ట్రిడ్జ్ కాదు, డీఈ ఫిల్టర్ (డయాటమ్ మట్టి పొడితో వడగట్టేది). 2021 ఫిబ్రవరిలో మంచు పడి కరెంటు పోయినప్పుడు లోపలి నీళ్లు గడ్డకట్టి ట్యాంకు పగిలింది. అప్పుడు మార్చాను.

పంపుసెట్_ప్రసాద్
వేరియబుల్ స్పీడ్ మంచిదే, బ్యాక్‌వాష్ మాత్రం పూర్తి స్పీడ్‌లోనే చెయ్యాలి. ధర మాత్రం గట్టిగా ఉంటుంది. మామూలు ఒక హెచ్‌పీ ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది యూనిట్ల చిల్లర. ఇప్పుడున్నది పది గంటలకి పద్నాలుగు పదిహేను తింటోంది.

సీతమ్మధార_సుధ
ఇంకొకటి అడగాలి. పిల్లలు దిగుతారు కదా, అడుగున మెయిన్ డ్రెయిన్ ఒక్కటేనా? పెద్ద పంపుకి ఒకే డ్రెయిన్ ఉంటే ఆ జాలీ దగ్గర లాగేస్తుంది. జుట్టు ఇరుక్కుంటే పెద్దవాళ్లు కూడా విడిపించలేరు.

ఫ్రిస్కో_శ్రీను
సుధ గారు చాలా ముఖ్యమైంది అడిగారు. ఈ ప్రమాదాల వల్లే అమెరికాలో పబ్లిక్ పూల్స్‌కి 2007లో చట్టమే వచ్చింది.

మామిడితోట_శంకర్‌పల్లి
ఒక్కటే ఉంది. చదును జాలీ, ఒక స్క్రూ కూడా లేదు. అద్దెలు ఈ నెలకి ఆపేశాను. నీళ్లు తీసి, రెండో డ్రెయిన్ దూరంగా వేయించి, ఉబ్బెత్తు జాలీలు పెట్టమన్నాను. ఫిల్టర్ గురించి అడగడానికి వస్తే ఇంత పని బయటపడింది.

పూల్_నరసింహ
మళ్లీ నింపినంక పటిక నేను చెప్పినంతే వెయ్యి సార్. రాత్రి వేసి పంపు ఆపి, పొద్దున అడుగున కూర్చున్న మురికిని వాక్యూమ్‌తో నేరుగా వేస్ట్‌లోకి లాగాలె. ఫిల్టర్‌లోకి పంపితే కొత్త ఇసుక కూడా పెచ్చు కడతది.

మామిడితోట_శంకర్‌పల్లి
నెల తర్వాత రాస్తున్నా. 600 ఎంఎం ఫిల్టర్, ఒక హెచ్‌పీ పంపు, సిలికా ఇసుక. రెండు డ్రెయిన్లు. బ్లీచింగ్ పౌడర్ మానేసి మేడమ్ చెప్పినట్టు పీహెచ్ 7.4 దగ్గర ఉంచుతున్నాం. పూల్ పక్కన షవర్ పెట్టించి "స్నానం చేసి దిగండి" అని బోర్డు రాయించా. శుభ్రమైనప్పుడు గేజి 9 చూపించింది, మార్కర్‌తో రాశాను. నిన్న ఆదివారం, 18 మంది దిగారు. సాయంత్రం లోతు వైపు రూపాయి బిళ్ల వేశా. బొమ్మ పడిందో బొరుసు పడిందో గట్టు మీద నుంచి కనపడింది. మా ఆవిడ కూడా వచ్చి చూసింది, ఏమీ అనలేదు. పెద్ద విషయమే.

ఇసుకతిన్నె
పాత ఒకటిన్నర హెచ్‌పీ పంపు అమ్ముతారా?

మామిడితోట_శంకర్‌పల్లి
మా బావమరిది తీసుకెళ్లాడు. వాళ్ల ఊళ్లో పూల్ కడుతున్నాడట. ఫిల్టర్ కూడా అడిగాడు. ఈ థ్రెడ్ లింకు పంపాను.

గొల్లపూడి_గోపి
ఇసుక కూడా ఇచ్చేశారా?

మామిడితోట_శంకర్‌పల్లి
దాంతో పంపు గది ముందు గచ్చు వేయించా. గట్టిగా ఉంది.